నిలబెట్టిన బండి

మంచం ఎక్కేనాటికి ఫరీద్‌కి ఉన్నవి తక్కువేం కావు. నరసరావుపేటలో పంట మీద కప్పే బరకాలూ గోనెసంచులూ అమ్మే కొట్టు, ఊరి చివర గోడౌను, గోడౌన్లో మడత విప్పని సరుకు, ఆ సరుకు పక్కనే కొని ఆరు నెలలైనా నిండని కరెంటు కారు. మిరపకాయ కళ్ళాల మీద ఉంది. సాయంత్రమయ్యేసరికి రోజూ మబ్బేస్తోంది. బరకాల వ్యాపారికి ఇంతకంటే మంచి రోజులుండవు. సరిగ్గా అలాంటి రోజుల్లో కొట్లో నిచ్చెన మీంచి జారి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. మోకాలి దాకా సిమెంటు కట్టు వేసి, మెట్ల జోలికి పోవద్దని చెప్పి, డాక్టరు మేడమీది గదికి పంపేశాడు. ఇప్పుడు ఉన్నవాటన్నిటిలోకీ చేతికి అందేది ఫోనొక్కటే.

ఆ ఫోన్లోనే కొట్టు ఉంది, కారూ ఉంది. కొట్లో గల్లాపెట్టె పైన కెమెరా పెట్టించాడు. మేనల్లుడు షాకిర్ ఎవరితో మాట్లాడుతున్నాడో, ఏ బరకం విప్పి చూపిస్తున్నాడో మంచంలోంచే కనిపిస్తుంది. కారుకి కంపెనీ వాళ్ళ యాప్ ఉంది. దాన్ని తెరిస్తే తెల్లకారు బొమ్మ వచ్చి, దాని చుట్టూ ఒక గీత కాసేపు తిరిగి, తలుపులు వేసి ఉన్నాయో లేదో, చార్జింగు ఎంతుందో, లోపల వేడెంతో చెబుతుంది. తన సరుకుని రోజూ ఒకసారి చేత్తో తడిమి చూసుకోనిదే ఫరీద్‌కి అన్నం సయించదు. గోడౌన్లో గోనెసంచుల కట్టలైనా అంతే, పైకట్ట మీద అరచేయి వేసి ఒక్కసారి నొక్కి వస్తాడు. ఇప్పుడు ఆ నొక్కడమంతా ఫోను అద్దం మీదే.

సోమవారం పొద్దున పళ్ళు తోముకోవడానికి భార్య అబిదా చెంబూ గిన్నే తెచ్చి మంచం పక్కన పెడుతుండగా ఫోను టింగుమంది. కారు యాప్ లోంచి ఎర్రక్షరాలు. బ్యాటరీ తక్కువగా ఉంది, వెంటనే చూసుకోండి అని.

"కారు నిలబడే ఉంది. బ్యాటరీ ఎట్టా తగ్గుద్ది?" అన్నాడు ఫరీద్.

"నన్నడిగితే? ముందు నోరు కడుక్కోండి" అంది అబిదా.

నోరు కడుక్కోకుండానే బెంజిమిన్‌కి ఫోను చేశాడు. బెంజిమిన్ కారు డ్రైవరు. ఫరీద్ మంచం పట్టాక కారుకి పనిలేక, కొట్టు ట్రాలీ ఆటోలో బరకాలు ఊళ్ళకు చేరవేస్తున్నాడు. రాత్రిళ్ళు గోడౌన్లోనే మడతమంచం వేసుకుని కాపలా పడుకుంటాడు. కారు తాళం, గోడౌను తాళం రెండూ అతని దగ్గరే ఉంటాయి.

"చూస్తన్నా భాయ్, లైన్లో ఉండండి." చెప్పుల చప్పుడు, కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించాయి. "స్టార్టు చేశా. ఏ లైటూ లేదు, ఏ గోలా లేదు. బంగారంలా ఉంది."

"మరి ఇదేంది నాకు ఎర్రగా చూపిస్తంది?"

"నిలబెట్టిన బండి గదా భాయ్. రోజూ ఒక రౌండు కోటప్పకొండ దాకా తిప్పుకొస్తా. కదలకపోతే ఏ బండైనా మొండికేస్తది."

"నేను ఎక్కేదాకా ఆ బండి గేటు దాటడానికి వీల్లేదు."

"సరే భాయ్."

ఫోను పెట్టేశాక ఫరీద్ యాప్ మళ్ళీ తెరిచాడు. గీత తిరిగింది. ఎర్రక్షరాలు పోయాయి. టిఫిను తిన్నాక తెరిచాడు. బాగానే ఉంది. డాక్టరిచ్చిన మాత్ర వేసుకుని ఇంకోసారి తెరిచాడు. కాలు లోపల సలుపుతుంటే మనసు నిలిచేందుకు ఏదో ఒకటి కావాలి. కొట్టు కెమెరాలో షాకిర్ నూజెండ్ల రైతుల చేత బరకం కొలిపిస్తున్నాడు. కారు బొమ్మ చల్లగా, తెల్లగా ఉంది. ఆ రెండిటి మధ్యా పొద్దు గడిచింది.

మర్నాడు పొద్దున మళ్ళీ టింగుమంది.

ఈసారి ఫరీద్ కాస్త లోతుకు దిగాడు. చార్జింగు శాతం కూడా సోమవారం కంటే కొంచెం తగ్గి ఉంది. తిరిగిన కిలోమీటర్లు చూస్తే ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. బండి కదల్లేదు, కరెంటు మాత్రం ఖర్చయింది. వ్యాపారంలో ఇలాంటిది అతనికి కొత్త కాదు. అమ్మకం లేకుండా సరుకు తగ్గిందంటే గోడౌన్లో ఎలుకైనా ఉండాలి, మనిషైనా ఉండాలి.

ఆ ముక్క పైకి అనలేదు. ఫోన్లోనే బెంజిమిన్‌కి ఒక్కొక్కటీ చెప్పి చేయించాడు. డిక్కీ సరిగ్గా పడిందో లేదో తెరిచి మళ్ళీ వేయించాడు. లోపలి లైటు వెలుగుతూ ఉండిపోతోందేమోనని, అద్దానికి చేతులు అడ్డం పెట్టుకుని చూడమన్నాడు. ముందద్దానికి తగిలించిన చిన్న కెమెరా వైరు పీకేయించాడు. టైర్లలో గాలి కొట్టే పంపు, ఫోను చార్జరు, సువాసన డబ్బా, సాకెట్లలో గుచ్చినవన్నీ తీయించాడు. బెంజిమిన్ గోడౌను వేడికి రొప్పుతూ ఒక్కొక్కటి పీకి "అయ్యింది భాయ్" అని చెబుతుంటే, ఫరీద్ ఇక్కడ యాప్ తెరిచి చూస్తూ కూర్చున్నాడు.

"చానా వేడిగా ఉంది భాయ్ ఈడ" అన్నాడు బెంజిమిన్ చివరికి. "రేకులు కాలిపోతన్నయ్. రాత్రి కూడా సెగ తగ్గట్లా."

ఫరీద్ వేలు ఫోను మీద ఆగింది. వేడి. రేకుల కింద పడుకునే మనిషి. పక్కనే చల్లగాలి పుట్టించే కారు, తాళం జేబులో.

"రాత్రి ఎక్కడ పడుకుంటన్నావు?" అని అడిగాడు మామూలుగా.

"మంచం మీదే భాయ్. ఇంకెక్కడ?"

బుధవారం కూడా ఫోను టింగుమంది. సాకెట్లన్నీ ఖాళీ చేశాక కూడా.

ఫరీద్ గుంటూరు సర్వీసు సెంటరుకి ఫోను చేశాడు. నీలిమ అనే అమ్మాయి మాట్లాడింది. ఓపిగ్గా అన్నీ అడిగింది.

"సార్, ఇందులో రెండు బ్యాటరీలుంటాయి. బండి నడిపేది పెద్దది. తలుపులు, లైట్లు, కంప్యూటరు వీటికి మామూలు కార్లలో ఉండేలాంటి చిన్న బ్యాటరీ ఒకటుంటది. వార్నింగు వచ్చేది ఆ చిన్నదానికి. పెద్దది అప్పుడప్పుడూ దాన్ని నింపుతుంది, అందుకే శాతం కొంచెం తగ్గుతది. పార్కింగులో ఏదో ఒకటి దాన్ని తాగేస్తుండాలి సార్. బండి తీసుకొస్తే చూస్తాం."

"ఎవరన్నా లోపల కూర్చుని, ఏసీ, పాటలు, ఇట్టాంటివి వాడుకుంటే?"

"అలా కూడా తగ్గొచ్చు సార్. కాకపోతే ఇంకా చానా కారణాలు..."

"చాల్లేమ్మా, థాంక్స్."

తనకు కావలసిన ధర వినపడగానే బేరం ముగించే మనిషి ఫరీద్. అవతలివాళ్ళు ఇంకేదో చెబుతున్నా లేచి నిలబడిపోతాడు. మంచంలో ఉన్నాడు కాబట్టి ఫోను పెట్టేశాడు, అంతే తేడా.

మధ్యాహ్నం బెంజిమిన్‌ని ఇంటికి రమ్మన్నాడు. చొక్కా వీపుకి అతుక్కుని, జుట్టు మీద గోనెపీచు పడి, ఎండలోంచి వచ్చాడు బెంజిమిన్. గుమ్మం బయట చెప్పులు విడిచి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. అబిదా మంచినీళ్ళు తెచ్చిచ్చింది. సగం తాగేదాకా ఆగి ఫరీద్ మొదలెట్టాడు.

"బెంజిమిన్, నేను కాలిరిగి పడున్నా. బయట ఏం జరుగుతుందో నాకు తెలియదనుకుంటన్నావా?"

"ఏమైంది భాయ్?"

"వేడిగా ఉందని కార్లో పడుకుంటన్నావు. ఏసీ వేసుకుని. తప్పు చేశానని చెప్పు, ఇక్కడితో వదిలేస్తా."

బెంజిమిన్ గ్లాసు కిందికి దించాడు.

"నేనా?"

"గోడౌన్లో ఇంకెవరున్నారు?"

"భాయ్, నా ఒంటి వాసన ఎట్టాంటిదో మీకు తెలుసు. పొద్దుగూకులూ బరకాలు మోసేవాణ్ణి. ఒక్క రాత్రి ఆ సీట్లో పడుకున్నా మూడు రోజులు కంపు పోదు. మీరు రాలేకపోతే అమ్మగారిని పంపండి, సీటు వాసన చూసి రమ్మనండి."

"గుంటూరు కంపెనీ వాళ్ళే చెప్పారు."

"నేను పడుకున్నానని చెప్పారా?"

అబిదా గుమ్మంలో నిలబడి మొగుడి వంకా డ్రైవరు వంకా చూస్తోంది.

"ఆ యాప్ లో ఏసీ వేసినట్టుగానీ, తలుపు తెరిచినట్టుగానీ ఉందా భాయ్?"

"చూసినప్పుడు ఉండదు. నేను చూడనప్పుడు ఏం జరుగుద్దో నాకేం తెలుసు?"

ఆ మాటకి బెంజిమిన్ చిన్నగా నవ్వాడు. కోపం లేని నవ్వే గాని, ఫరీద్‌కి అది నచ్చలేదు. బెంజిమిన్ జేబులోంచి కారు తాళం, మొలతాడుకి కట్టుకున్న గోడౌను తాళం తీసి, సిమెంటు కట్టుకి తగలకుండా జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టాడు. గ్లాసు పట్టుకెళ్ళి అబిదా చేతికిచ్చాడు.

"మీరు చూడనప్పుడు కూడా నేను మనిషినే భాయ్" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"కాస్త ఆరా తీయాల్సింది" అంది అబిదా.

"ఆరా ఏంది, లెక్క కనపడతంటే?"

ఆ సాయంత్రం వీరయ్య పలకరించడానికి వచ్చాడు. బస్టాండు పక్కన కార్ల స్టాండులో అతనివే నాలుగైదు అద్దె బళ్ళున్నాయి. సంచీనిండా బత్తాయిలు తెచ్చాడు. కాలు చూసి "ఇంకా నయం, నడుము కాదు" అని ఓదార్చాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాడు.

"నీ డ్రైవరు ఖాళీగానే ఉంటన్నాడంట గదా ఫరీద్ భాయ్. తిరపతి ట్రిప్పులున్నయ్. ఈ నెలకి నాకు పంపరాదూ?"

"మానిపించా. నువ్వు కూడా వాడి చేతికి తాళం ఇవ్వబాక వీరయ్యన్నా."

"ఏం, చేతివాటమా?"

ఫరీద్ ఒక్కక్షణం తటపటాయించాడు. అవునని అనలేదు. "రాత్రిళ్ళు కారు వాడుకున్నాడు" అన్నాడు. కార్ల స్టాండులో ఆ ముక్క చాలు. వీరయ్య తల పంకించి, కాఫీ తాగి వెళ్ళాడు. దీపాలు పెట్టేవేళకి ఆ ముక్క బస్టాండు చేరి ఉంటుందని ఫరీద్‌కి తెలుసు. ఊళ్ళో ఏ మాట ఎంతసేపట్లో ఎక్కడికి పోతుందో తెలియకపోతే వ్యాపారం చేయలేం. అయినా ఎవరికో ఒకరికి చెప్పుకున్నాక మనసు తేలికపడినట్టనిపించింది. తాళాలు రెండూ దిండు కింద పెట్టుకున్నాడు. పడుకునే ముందు కారు బొమ్మ చూసుకున్నాడు. మధ్యలో కాలు సలిపి మెలకువ వచ్చినప్పుడల్లా, ఎవరైనా గోడౌను తాళం పగలగొట్టారేమోనని చూసుకుంటూనే ఉన్నాడు.

తెల్లారింది. టింగుమంది.

ఫరీద్ దిండు కింద చెయ్యిపెట్టి తడిమాడు. రెండు తాళాలూ అక్కడే ఉన్నాయి. చెమటపట్టిన అరచేతికి చల్లగా తగిలాయి. బెంజిమిన్ ఊళ్ళో ఎక్కడున్నా గోడౌన్లో మాత్రం లేడు. ఎర్రక్షరాల వంక చూస్తూ అలాగే పడుకున్నాడు. ఫ్యాను కింద కూడా మెడ చుట్టూ తడిసిపోయింది. లేచి పోదామంటే కాలు లేదు, ఎవరిమీదన్నా అరుద్దామంటే మనిషి లేడు.

షాకిర్‌ని పిలిచి తాళాలిచ్చి పంపాడు. కాసేపటికి షాకిర్ ఫోను చేశాడు.

"మామూ, కారు తలుపు రావట్లా. తాళం బటను నొక్కినా పలకట్లా. చచ్చిపోయినట్టుంది."

మధ్యాహ్నం తర్వాత అదే కార్లో గుంటూరు వెళ్ళి కాలికి ఎక్స్‌రే తీయించుకోవాల్సింది. డ్రైవరూ లేడు, కారూ కదలదు, అది వాయిదా పడింది. ఫరీద్ మళ్ళీ నీలిమకి ఫోను కలిపాడు. చెవి దగ్గర పెట్టుకోవడానికి చెయ్యి లాగుతుంటే స్పీకరులో వేశాడు. అబిదా కింద చాప మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది.

"అమ్మా, గోడౌనుకి తాళం. కారుకి తాళం. రెండు తాళాలూ నా దిండు కింద. లోపల ఏవీ గుచ్చి లేవు. అయినా చచ్చింది. ఏందమ్మా ఇది?"

"సార్, ఒక్క మాట అడుగుతా. యాప్ రోజుకి ఎన్నిసార్లు తెరుస్తున్నారు?"

"రెండు మూడుసార్లు" అన్నాడు ఫరీద్.

అబిదా కత్తిపీట మీద చెయ్యి ఆపింది. తలెత్తలేదు.

"అయితే పరవాలేదు సార్. ఎందుకడిగానంటే, పార్కు చేసిన బండి నిద్రపోతుంటది. మీరు యాప్ తెరిచినప్పుడల్లా ఫోను దాన్ని లేపుతుంది. అది లేచి, తలుపులు, టైర్లు, చార్జింగు అన్నీ చూసుకుని మీకు జవాబు పంపించి మళ్ళీ పడుకోవడానికి కొంత టైము పడుతుంది. ఆ లేవడానికి వాడేది చిన్న బ్యాటరీనే. పడుకునేలోపు మళ్ళీ లేపితే ఇక పడుకోదు. నిన్న మీరు ఫోను పెట్టేశారు గానీ ఇదే చెబుదామనుకున్నా. అంత ఎక్కువగా ఎవరూ చూడర్లేండి."

"చూడరు" అన్నాడు ఫరీద్.

"చిన్న బ్యాటరీకి బయట్నించి కాస్త కరెంటు ఇప్పించండి సార్, లేస్తది. తర్వాత ఒక రోజు యాప్ తెరవకుండా వదిలేసి చూడండి."

అవతల నీలిమ ఫోను పెట్టేసింది. అబిదా మళ్ళీ బెండకాయలు తరగసాగింది. ఫరీద్ కళ్ళు మూసుకుని సోమవారం నుంచి వెనక్కి నడిచాడు. టిఫిను ముందు, టిఫిను తర్వాత. మాత్ర ముందు, మాత్ర తర్వాత. కాలు సలిపినప్పుడు, సలపనప్పుడు. బెంజిమిన్ స్టార్టు చేసి నింపినదాన్ని తాను మంచంలో పడుకుని వేలితో తోడేశాడు. ఎలుక ఎవరో తేలింది. నిన్నటికంటే గది చిన్నదైనట్టనిపించింది.

ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయికి కూడా అబద్ధమే చెప్పాడు. కాలు మానాక ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటే ఈ సంగతి ఇక్కడితో సమాధి. అలా అనుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. బ్యాటరీల పని చేసే ఐజాజ్‌కి ఫోను చేసి గోడౌనుకి పంపాడు. ఐజాజ్ కారు తాళంలో దాచి ఉండే ఇనప పుల్లని బయటికి లాగి, దాంతో తలుపు తెరిచి, ట్రాక్టరు బ్యాటరీ ఒకటి పక్కన పెట్టి, క్లిప్పులు తగిలించి కారుని లేపాడు.

"ఇంతకాడికి నాతో పనేంది భాయ్" అన్నాడు ఐజాజ్ ఫోన్లో నవ్వుతూ. "పెద్ద బ్యాటరీలో మాచర్ల పోయొచ్చేంత ఉంది. చిన్నది పలక్కపోతే పెద్దది గడియ తియ్యదు. గోడౌన్నిండా సరుకు పెట్టుకుని తాళం చెవి పారేసుకున్నట్టు."

ఆ రోజంతా ఫరీద్ యాప్ తెరవలేదు. అది అనుకున్నంత తేలికైన పని కాలేదు. చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయేది. బొమ్మ మీద వేలు ఆనబోయి వెనక్కి వచ్చేది. దురదపుట్టినచోట కట్టు అడ్డమున్నట్టే ఉంది ఇదీ. ఒకసారి ఫోను తిరగేసి బోర్లా పెట్టాడు. ఇంకోసారి అబిదాకిచ్చి "వంటింట్లో పెట్టు" అన్నాడు. ఆమె ఎందుకని అడగకుండా పట్టుకెళ్ళింది.

శుక్రవారం ఫోను టింగుమనలేదు. శనివారమూ అనలేదు.

శనివారం పదకొండింటప్పుడు కొట్టు కెమెరా చూస్తున్నాడు. ముసలి రైతు ఒకడు బరకం మడత భుజాన వేసుకొచ్చి గల్లాపెట్టె ముందు పడేశాడు. షాకిర్ దాన్ని తాకకుండా చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. రైతు బరకం విప్పి, ఎండకేసి ఎత్తి, చిల్లుల్లోంచి వెలుతురు చూపిస్తున్నాడు. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఫరీద్ షాకిర్‌కి ఫోను చేశాడు.

"ఏందిరా గొడవ?"

"నాలుగు చినుకులకే కారిందంట మామూ. కాయ తడిసిందంటన్నాడు. ఈయనే ముళ్ళ మీద లాగి ఉంటాడు. కొనేవాళ్ళందరి ముందూ గోల చేస్తన్నాడు. లోపలికి పిలిచి సర్దిచెబుతా."

"లోపలికి ఎందుకురా? ఆ చిల్లు మనదైనా ఆయనదైనా, మన కొట్టు సరుకు కారిందని నలుగురూ విన్నారు. ఆ నలుగురూ పోకముందే, వాళ్ళ ముందే వెనక్కి తీసుకో. కొత్తది విప్పి, నీళ్ళు పోసి చూపించి ఇయ్యి. చాటుగా తీసుకున్నది లెక్కలోకి రాదు. ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు?"

ఫోను పెట్టేసి తలెత్తితే అబిదా గుమ్మంలో ఉంది. చేతిలో అన్నం కంచం.

"మరి బెంజిమిన్‌ని ఎక్కడ వెనక్కి తీసుకుంటారు?" అని అడిగింది. ఎగతాళి లేదు. ఏ కూర వేయమంటారు అన్నట్టే అడిగింది.

ఫరీద్ కంచం అందుకోలేదు. కొట్టు కెమెరాలో షాకిర్ కొత్త బరకం విప్పి మధ్యలో నీళ్ళు పోయిస్తున్నాడు. రైతు వంగి కింద చేత్తో తడిమి చూస్తున్నాడు.

"ఆ రోజు ఆ పిల్లకి రెండు మూడుసార్లని చెప్పారు" అంది అబిదా. "నాకైతే లెక్క తెలియదుగానీ, మీరు ఆ కారుని చూసినన్నిసార్లు నన్ను చూడలేదు."

"షాకిర్‌ని రమ్మను. కిందికి దించాలి నన్ను."

"డాక్టరు మెట్లు వద్దన్నాడు."

"దిగకుండా చెప్పే మాట కాదు ఇది."

పిరుదుల మీద కూర్చుని, కట్టుకాలు గాల్లోకి చాచి, అరచేతులు మెట్లకానించి ఒక్కొక్క మెట్టే జారాడు. షాకిర్ కిందనుంచి మడమ పట్టుకున్నాడు, అబిదా పైనుంచి భుజాలు పట్టుకుంది. సగం దిగేసరికి నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగి ఆగిపోయాడు. పైకి పోవాలన్నా కిందికి పోవాలన్నా అంతే దూరం. పైకి పోతే మళ్ళీ ఆ మంచమే. కిందికి జారాడు. ఆటోలో సీటుకి అడ్డంగా కాలు చాపుకుని కార్ల స్టాండుకి పోనిమ్మన్నాడు.

కానుగచెట్టు నీడలో డ్రైవర్లు పేకాడుతున్నారు. వీరయ్య కుర్చీలో కునుకు తీస్తున్నాడు. కాస్త అవతల బెంజిమిన్, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఎవరిదో కారు తుడుస్తున్నాడు. నడపడానికి ఎవరూ తాళమివ్వక, ఇక తుడిచే పనికి దిగాడన్నమాట. ఆటోలోంచి కాలు బయటికి పొడుచుకొచ్చిన మనిషిని చూసి పేక ఆగింది.

"ఫరీద్ భాయ్! ఈ కాలుతో ఏందయ్యా?" అంటూ వీరయ్య లేచొచ్చాడు.

"నీకో మాట చెప్పా గదా వీరయ్యన్నా, మొన్న. అది వెనక్కి తీసుకుందామని వచ్చా." గొంతు పెంచాడు, అందరికీ వినపడేలా. "బెంజిమిన్ నా కారు వాడుకోలా. ఏ రాత్రీ వాడుకోలా. బ్యాటరీ తినేసింది నేను. మంచంలో పడుకుని ఫోన్లో పొద్దాకులూ చూస్తా ఉన్నా. చూసినప్పుడల్లా అది నిద్రలేచి నాకు జవాబు చెప్పాలంట. దాంతో బ్యాటరీ చచ్చింది. నిందేమో ఇతని మీద వేశా."

పేకాడేవాళ్ళలో ఒకడు నోరు తెరిచాడు. "అంటే కారుని పడుకోనీకుండా గంటగంటకీ లేపి, నిద్రొస్తందా అని అడిగావా సాయిబూ?"

చెట్టుకింద గొల్లుమన్నారు. "మా అత్తగారు కూడా అంతే, ఆమెకి ఓ బ్యాటరీ పెట్టించాలి" అన్నాడు ఇంకొకడు. ఫరీద్ చెవులు వేడెక్కాయి. ఆటోలోంచి దిగి పారిపోయే కాళ్ళు లేవు. నవ్వు అయిపోయేదాకా అలాగే కూర్చుని భరించాడు.

బెంజిమిన్ గుడ్డ పిండి, బానెట్ మీద ఆరేసి వచ్చాడు. ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"కాలు ఎట్టుంది భాయ్?"

"ఉంది. తప్పు నాది బెంజిమిన్. పనిలోకి రా. జీతం పెంచుతా. ఫోను జోలికి పోను."

"పోకుండా ఉండలేరు భాయ్." నిందగా కాదు, తెలిసిన మనిషి తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పాడు. "కారు కాకపోతే నన్ను చూస్తా ఉంటారు. నేను గోడౌన్లో మళ్ళీ పడుకోలేను."

"ఇంకేం కావాలో చెప్పు."

"ఏం వద్దు. నలుగురి ముందూ చెప్పారు, మెట్లు దిగొచ్చారు. అది చాలు. ఎండగా ఉంది, ఇంటికి పోండి."

ఫరీద్ ఇంకో బేరం వెతుక్కున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది. ఇప్పుడు దొరకలేదు. ఈలోగా వీరయ్య తల గోక్కుంటూ లోపలికి వెళ్ళి, మేకుకి తగిలించిన తాళాల్లోంచి ఒకటి తీసుకొచ్చాడు.

"ఒరేయ్ బెంజిమిన్, ఆ గుడ్డ అవతల పారెయ్యి. సాయంత్రం గురజాల పార్టీ, తిరపతి. తెల్ల బండి తీసుకో. ఆయిలు చూసుకో."

బెంజిమిన్ తాళం అందుకున్నాడు. మడిచిన ప్యాంటు కిందికి దింపుకున్నాడు. తెల్ల బండి ఎక్కి, సీటు వెనక్కి జరుపుకుని, అద్దం తన కంటికి సరిచేసుకుని, నెమ్మదిగా స్టాండు దాటించి పెట్రోలు బంకు వైపు తిప్పాడు. పేకాట మళ్ళీ మొదలైంది. ఎవరూ ఫరీద్ వంక చూడటం లేదు.

మళ్ళీ మెట్లెక్కడం దిగడం కంటే కష్టమైంది. మంచం మీద వాలేసరికి చొక్కా తడిసి ముద్దయింది. అబిదా కట్టు కింద దిండు సర్ది, చల్లారిన అన్నం తీసేసి వేడిది పెట్టుకొచ్చింది.

"వస్తానన్నాడా?"

"రానన్నాడు."

"జీతం పెంచుతానన్నారా?"

"అన్నా. వద్దన్నాడు. స్టాండులో అందరూ నవ్వారు. గుంటూరుకి కారు నడపడానికి మనిషి లేడు. ఇంకొకణ్ణి వెతుక్కోవాలి."

అబిదా కూర వడ్డించి, చెయ్యి ఆపి, మొగుడి మొహంలోకి చూసింది.

"మరి ఇంత కష్టపడి దిగిపోయి ఏం తెచ్చుకున్నట్టు?"

ఫరీద్ అన్నం కలుపుతూ ఆలోచించాడు. ఎటు కూడినా తనవైపు ఏమీ రావడం లేదు. అయినా ఆకలేస్తోంది. మంచం పట్టినప్పటినుంచీ ఇంత ఆకలి వేయలేదు.

"వాడికి బండొచ్చింది" అన్నాడు.